గిటారు నుంచి గొంతుకు, గొంతు నుంచి కీబోర్డుకు

స్వీడన్‌కు చెందిన డార్క్ ట్రాంక్విలిటీ అనే మెటల్ సంగీత బృందం ప్రస్తావన వచ్చినప్పుడల్లా పాత అభిమానులు తప్పకుండా అనే మాట ఒకటుంది. 1995లో వచ్చిన ‘ద గ్యాలరీ’ ఆల్బమ్‌తోనే వాళ్ళ పని అయిపోయిందని, ఆ తరవాత వచ్చినవన్నీ మెత్తబడిన పాటలేనని అంటారు. విజయనగరంలో ఈ సంగీతం వినేవాళ్ళం బహు కొద్దిమందిమి. ఆ కొద్దిమందిలోనూ ఈ వాదన ఎన్నో ఏళ్ళుగా తెగకుండా నడుస్తూనే ఉంది. నేను మొదటినుంచీ అవతలి పక్షం. ఈ బృందం మారకపోయి ఉంటే ఈపాటికి ఉండేదే కాదని నా నమ్మకం. పైగా ఆ మార్పు పాత అభిమానులు వేలెత్తి చూపించే చోట జరగలేదు. పాటలో రాగాన్ని మోసే బాధ్యత ఎవరిది అన్న ఒక్క ప్రశ్నను పట్టుకుని వాళ్ళ ముప్ఫై ఏళ్ళ రికార్డులను వరసగా వింటే అసలు మార్పు ఎక్కడ జరిగిందో తెలుస్తుంది. ఈ టపా ఆ ప్రశ్న గురించే.

ఈ తరహా సంగీతం అలవాటు లేనివారి కోసం ముందుగా కొంత చెప్పాలి. విద్యుత్ గిటార్ల భీకరమైన మోతతో సాగే డెత్ మెటల్‌లో గాయకుడు గ్రౌల్ అనే పద్ధతిలో పాడతాడు. మామూలుగా పాడేటప్పుడు స్వరతంత్రులు ఒక క్రమంలో కంపిస్తాయి కనుక ఆ ధ్వనికి శ్రుతి ఉంటుంది. గ్రౌల్‌లో ఆ తంత్రులకు పైనుండే మడతలు కూడా కదిలి గాలిని చెదరగొడతాయి కాబట్టి గరగరలాడే మోత వినిపిస్తుందే తప్ప, ఇది షడ్జమమని, ఇది పంచమమని గుర్తించగలిగిన స్వరం వినిపించదు. స్వరం లేని గొంతు రాగాన్ని మోయలేదు. అది చేయగలిగిందల్లా మాటలను, ముఖ్యంగా హల్లులను, తాళం మీద సరైన చోట పడేయడమే. అంటే డెత్ మెటల్ గాయకుడి అసలు కొలువు లయ దగ్గర. మా ఊరిలో 1919 నుంచి సంగీత కళాశాల ఉంది. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి అధ్యక్షులు, వారి తరవాత ద్వారం వెంకటస్వామినాయుడు గారు ఆ పీఠంలో కూర్చున్నారు. ఆ వాతావరణంలో పెరిగిన చెవికి గాత్రం ముందు నడుస్తుంది, వయొలిన్ దాన్ని అనుసరిస్తుంది అన్నది పుట్టుకతో వచ్చినంత సహజమైన అమరిక. అందులోనే రాగానికి పీట వేసే శాఖ అయిన మెలోడిక్ డెత్ మెటల్ వింటున్నప్పుడు మొట్టమొదట ఇబ్బంది పెట్టేది ఆ అరుపు కాదు, ఆ అమరిక తారుమారు కావడమే. ఇక్కడ గొంతు తాళం వేస్తూ ఉంటుంది, వెనకనున్న తీగలు పాడుతూ ఉంటాయి.

ఈ అమరిక ఎక్కడినుంచి వచ్చిందో చూడాలంటే స్వీడన్‌లోని రెండు నగరాల సంగతి తెలియాలి. రాజధాని స్టాక్‌హోమ్‌లో, సన్‌లైట్ స్టూడియోలో, టోమాస్ స్కోగ్స్‌బర్గ్ పర్యవేక్షణలో ఎంటూమ్డ్ బృందం 1990లో విడుదలైన ‘లెఫ్ట్ హ్యాండ్ పాత్’ రికార్డు చేసింది. బాస్ కంపెనీవారి హెచ్ఎం-2 అనే, గిటారు ధ్వనిని గరుకుగా చెదరగొట్టే డిస్టార్షన్ పెడల్‌కు ఉన్న మీటలన్నీ చివరిదాకా తిప్పేసి, రంపపు మిల్లులో కర్ర కోసినట్టుండే మోతను గిటార్లనుంచి రాబట్టడం ఆ నగరం ముద్ర అయింది. పడమటి తీరాన ఓడరేవు నగరమైన గోథెన్‌బర్గ్ కుర్రాళ్ళు ఆ మోతను ఒప్పుకుంటూనే, ఐరన్ మెయిడెన్ వంటి పాత హెవీ మెటల్ బృందాలు రెండు గిటార్లతో జంటగా వాయించే పద్ధతిని దానిలోకి తెచ్చారు. ఒక గిటారు ఒక వరసను వాయిస్తుంటే రెండోది అదే వరసను మూడో స్వరం ఎత్తున వాయిస్తుంది. ఒట్టి మోత వినిపించే చోట పాట వినిపించడం మొదలైంది.

ఆ కుర్రాళ్ళలో 1989లో నగర శివారైన బిల్‌డాల్‌లో సెప్టిక్ బ్రాయిలర్ అనే పేరుతో మొదలైన జట్టే రెండేళ్ళకు డార్క్ ట్రాంక్విలిటీ అయింది. నిక్లాస్ సుండిన్, మికాయెల్ స్టానె గిటార్లు, మార్టిన్ హెన్రిక్సన్ బేస్ గిటారు, ఆండర్స్ యీవార్ప్ డ్రమ్స్, ఆండర్స్ ఫ్రీడెన్ గాత్రం. 1993లో ఫిన్లాండ్‌కు చెందిన స్పైన్‌ఫార్మ్ సంస్థ ద్వారా వచ్చిన తొలి ఆల్బమ్ ‘స్కైడాన్సర్’లో ఆలోచనలు కుప్పలు తెప్పలుగా ఉన్నాయి గానీ, ఒక ఆలోచన నిలదొక్కుకునేలోపు ఇంకొకటి దాన్ని తోసేస్తుంది. మధ్యలో వినిపించే స్త్రీ గాత్రం, మామూలు గిటారు మీటులు అందంగానే ఉంటాయి. కానీ వాటిని ఎక్కడ ఉంచాలో వాళ్ళకు ఇంకా తెలియలేదు. ఆ తరవాత ఫ్రీడెన్ బయటికి వెళ్ళి ఇన్ ఫ్లేమ్స్ బృందంలో చేరాడు. అంతకుముందే ఇన్ ఫ్లేమ్స్ తొలి ఆల్బమ్ ‘లూనార్ స్ట్రెయిన్’కు స్టానె అతిథిగా పాడి వచ్చాడు. ఒకే ఊరివాళ్ళు, ఒకే స్టూడియో, పాడేవాళ్ళు ఇటువాళ్ళు అటు, అటువాళ్ళు ఇటు. స్టానె గిటారు పక్కన పెట్టి గాయకుడయ్యాడు, ఆ గిటారు స్థానంలోకి ఫ్రెడ్రిక్ యొహాన్సన్ వచ్చాడు. 1995లో వచ్చిన చిన్న రికార్డులో ‘అలోన్’ అనే పాత పాటను కొత్త గొంతుతో మళ్ళీ పాడించారు. రెండు రూపాలనూ పక్కపక్కన పెట్టుకుని వింటే, స్టానె గ్రౌల్‌లో మాటల అంచులు ఎంత పదునుగా తెగుతాయో అర్థమవుతుంది. లయ దగ్గర కూర్చోవలసిన గొంతు అదే.

ఇక ‘ద గ్యాలరీ’. 1995 నవంబరులో ఓస్మోస్ సంస్థ విడుదల చేసింది. గోథెన్‌బర్గ్‌లో ఫ్రెడ్రిక్ నోర్డ్‌స్ట్రోమ్ నడిపే స్టూడియో ఫ్రెడ్‌మన్‌లో రికార్డు చేశారు. అదే నెలలో, అదే స్టూడియోలో తయారైన అట్ ద గేట్స్ వారి ‘స్లాటర్ ఆఫ్ ద సోల్’ కూడా బయటికి వచ్చింది. ఆ మరుసటి ఏడాది ఇన్ ఫ్లేమ్స్ వారి ‘ద జెస్టర్ రేస్’ వచ్చింది. గోథెన్‌బర్గ్ బాణీ అని లోకం చెప్పుకునేది ప్రధానంగా ఈ మూడింటినే. వీటిలో అట్ ద గేట్స్‌ది సూటిగా కొట్టే దెబ్బ, ఇన్ ఫ్లేమ్స్‌ది జానపదపు వాసన ఉన్న వరస. డార్క్ ట్రాంక్విలిటీది మాత్రం అల్లిక. సుండిన్, యొహాన్సన్ ఎప్పుడో గాని ఒకే పని చేయరు. ఒకరు పైకి ఎక్కుతుంటే మరొకరు కిందికి దిగుతుంటారు, ఇద్దరూ ఒక స్వరం దగ్గర కలుసుకుని మళ్ళీ విడిపోతారు. చాలా మెటల్ పాటల్లో వేసిన పాదాన్నే బరువుగా మళ్ళీ మళ్ళీ వేసుకుంటూ పోయే రిఫ్ ఉంటుంది, మధ్యలో ఒక గిటారు ఒంటరిగా విజృంభించే సోలో ఉంటుంది. ఇక్కడ రిఫ్‌కూ సోలోకూ మధ్య గీత గీయడం కష్టం.

‘లీథి’ అనే పాటను తీసుకుందాం. గ్రీకు పురాణాల్లో మరుపును కలిగించే నది పేరు అది. పాట మొదలయ్యేది బేస్ గిటారుతో. హెన్రిక్సన్ మెల్లగా, ఒంటరిగా ఒక వరసను పలికిస్తాడు. డెత్ మెటల్‌లో బేస్ గిటారు సాధారణంగా వినిపించని బరువుగా ఉండిపోతుంది కానీ రాగాన్ని ఎత్తుకోదు. ఇక్కడ ఎత్తుకుంది. కాసేపటికి గిటార్లు ఆ వరసను అందుకుంటాయి, డ్రమ్స్ వచ్చి కలుస్తాయి, ఆపైన స్టానె గొంతు విరుచుకుపడుతుంది. ఆ గొంతులో స్వరం లేదు, కానీ దుఃఖం ఉంది. ఆ దుఃఖం ఏ స్వరాల మీద నడవాలో గిటార్లు నిర్ణయిస్తాయి. నేను ఈ పాటను ఎన్ని రకాలుగా విన్నా ఒక విషయం మాత్రం మారలేదు: స్టానె గొంతును మనసులోనే తీసేసి విన్నా పాట నిలబడుతుంది, ఏదో ఒక గిటారును తీసేస్తే నిలబడదు.

ఈ ఆల్బమ్ మాకు ఇక్కడ దొరికిన రూపం గురించి ఒక మాట చెప్పాలి. ఆ రోజుల్లో ఇంగ్లిషు మెటల్ క్యాసెట్లంటే పెద్ద బృందాలవే విశాఖపట్నం దాకా వచ్చేవి. ఇటువంటివి వచ్చేవి కావు. తరవాత కాలంలో గంటస్తంభం ప్రాంతపు నెట్ సెంటర్లలో కూర్చుని, రాత్రంతా దింపుకుని, సీడీల మీదికి ఎక్కించుకున్న ఎంపీ3లే మాకు ఆధారం. తక్కువ బిట్‌రేటుకు నలిపేసిన ఫైళ్ళలో ముందుగా పాడయ్యేవి డ్రమ్స్‌లోని కంచు తాళాల మెరుపు, గిటారు తీగల అంచులు. అంటే ‘ద గ్యాలరీ’కి ప్రాణమైన ఆ అల్లికే ముద్దగా మారిపోయేది. ఆ ముద్దను విని ఇది గొప్పదని నమ్మిన మా మిత్రుల శ్రద్ధకు దణ్ణం పెట్టవలసిందే. మంచి హెడ్‌ఫోన్లతో, మంచి నాణ్యత గల ప్రతిని విన్నప్పుడు గాని రెండు గిటార్లూ రెండు చెవుల్లో వేర్వేరుగా నడుస్తున్నాయన్న సంగతి తెలియదు.

1997 నాటి ‘ద మైండ్స్ ఐ’ గురించి ఎక్కువ చెప్పను. పాటలు పొట్టివయ్యాయి, అల్లిక కొంత పలచబడింది, స్త్రీ గాత్రంతో సాగే ‘ఇన్‌సానిటీస్ క్రెసెండో’ తప్ప నాకు పెద్దగా గుర్తుండేవి లేవు. కానీ ఒక చిక్కు అప్పటికే కనిపిస్తోంది. ‘ద గ్యాలరీ’ పద్ధతి ఆ ఇద్దరు గిటారిస్టుల వేళ్ళ మీద ఆధారపడినది. దాన్ని ఇంకా పెంచాలంటే ఇంకా వేగంగా, ఇంకా దట్టంగా వాయించడం తప్ప మరో దారి లేదు. దట్టం పెరిగే కొద్దీ రాగం వినిపించడం తగ్గుతుంది. అట్ ద గేట్స్ 1996లోనే విడిపోయింది. ఆ బాణీని అరువు తెచ్చుకున్న బృందాలు యూరప్ అంతటా పుట్టుకొస్తున్నాయి.

ఆ స్థితిలో, 1999లో, సెంచురీ మీడియా సంస్థకు మారాక వచ్చినది ‘ప్రొజెక్టర్’. పాత అభిమానుల కోపమంతా దీని మీదే. స్టానె ఇందులో మామూలు గొంతుతో పాడాడు. అది ఎత్తుకు ఎగబాకే గొంతు కాదు. మంద్రస్థాయిలో, కొంచెం బరువుగా, తొందరపడకుండా సాగే గొంతు. ‘ఆక్షన్డ్’ పాట మంద్రమైన ఈ మామూలు గానంతోనే నెమ్మదిగా మొదలవుతుంది. ‘దేర్‌ఇన్’లో గ్రౌల్, గానం ఒకే పాటలో వంతులు పంచుకుంటాయి. ‘డే టు ఎండ్’లోనైతే గ్రౌల్ లేనే లేదు; ఎలక్ట్రానిక్ ధ్వనుల మీద గొంతు ఒక్కటే తేలుతూ ఉంటుంది. పియానో, కీబోర్డు మొదటిసారిగా అలంకారం స్థాయి దాటి పాటలో భాగమయ్యాయి.

దీన్ని మెత్తబడడం అనేవారు ఒక సంగతిని పట్టించుకోలేదు. గొంతుకు స్వరం వచ్చిన మరుక్షణం గిటార్ల పని మారిపోతుంది. ఇద్దరు ముగ్గురు ఒకేసారి రాగాన్ని మోస్తామంటే వినేవాడికి ఏదీ మిగలదు. అందువల్ల స్టానె పాడే చోట గిటార్లు వెనక్కి తగ్గి, నాలుగు స్వరాలతో సరిపెట్టుకుని, గొంతుకు పీట వేశాయి. అలా తగ్గడం నేర్చుకోవడమే ఈ ఆల్బమ్‌లోని అసలు విద్య. అందుకు పూర్తిగా సిద్ధపడని చోట్లు కూడా ఉన్నాయి. కొన్ని పాటల్లో గ్రౌల్ నుంచి గానానికి మారే మలుపు అతుకు వేసినట్టే ఉంటుంది, అది ఒప్పుకోవాలి. అయినా ఆ ఏడాది ఇటువంటి బృందం నుంచి ఇటువంటి రికార్డు రావడం చిన్న తెగువ కాదు.

ఆ తరవాత యొహాన్సన్ వెళ్ళిపోయాడు. హెన్రిక్సన్ బేస్ వదిలి గిటారు పట్టుకున్నాడు, బేస్‌కు మికాయెల్ నిక్లాసన్ వచ్చాడు, కీబోర్డుకు మార్టిన్ బ్రెండ్‌స్ట్రోమ్ వచ్చాడు. ఈ ఆఖరి పేరును గుర్తుంచుకోవాలి, ఎందుకంటే తరవాతి పాతికేళ్ళ కథ చాలావరకు అతనిదే. 2000లో వచ్చిన ‘హేవెన్’లో కొత్త అమరికను సరిచూసుకున్నారు. పాటలు పొట్టివి, కట్టుదిట్టమైనవి. కీబోర్డు అన్నిటిలోనూ ఉంది. నాకైతే ఆ శబ్దం కొంచెం పొడిగా, ప్లాస్టిక్‌గా అనిపిస్తుంది. కీబోర్డుకు చోటు దొరికింది కానీ ఆ చోట ఏం చేయాలో ఇంకా పూర్తిగా తేలలేదు.

అది తేలింది 2002 నాటి ‘డ్యామేజ్ డన్’లో. ఈ ఆల్బమ్‌లో స్టానె మామూలు గొంతుతో పాడనే లేదు. మొదటినుంచి చివరిదాకా గ్రౌలే. ‘ప్రొజెక్టర్’తో అలిగినవాళ్ళు తమ బృందం తిరిగి వచ్చిందని సంబరపడ్డారు. నిజానికి పాత పద్ధతి తిరిగి రాలేదు. గొంతు మళ్ళీ లయ దగ్గరికి వెళ్ళింది, గిటార్లు బరువైన రిఫ్‌లకు కట్టుబడ్డాయి, రాగం మాత్రం బ్రెండ్‌స్ట్రోమ్ చేతిలోకి వచ్చింది. ‘ఫైనల్ రెసిస్టెన్స్’, ‘మోనోక్రోమాటిక్ స్టెయిన్స్’ వంటి పాటల్లో గిటార్లు ఎంత బలంగా కొడుతున్నా మనసులో నిలిచేది వాటి పైన సన్నగా సాగే కీబోర్డు వరసే.

ఈ మాట నాకంటే సూటిగా మా బావ చెప్పాడు. మా మేనత్త కొడుకైన అతను చీపురుపల్లిలో మైకు సెట్లు అద్దెకు ఇస్తాడు. పెళ్ళిళ్ళు, జాతరలు, ఎన్నికల సభలు అతని బతుకుతెరువు. పైడితల్లమ్మ సిరిమానుకు ముందు రోజుల్లో కొత్త బాక్సులు తెచ్చి పరీక్షిస్తుండగా నా దగ్గరున్న పెన్‌డ్రైవ్ ఇచ్చి ఇవి పెట్టి చూడు బావా అన్నాను. మొదట ‘ద గ్యాలరీ’ పాట పెట్టాడు. “ఏటిరా ఈ గోల, బాక్సులు పోతే ఎవుడిస్తాడు?” అని వెంటనే శబ్దం తగ్గించాడు. మిక్సర్ మీద మధ్యస్థాయి ధ్వనుల మీటను కిందికి దించాడు. గొంతూ పోయింది, గిటార్లూ పోయాయి. పైకి ఎత్తాడు, రెండూ కలిసి గుప్పున మీద పడ్డాయి. తరవాత ‘డ్యామేజ్ డన్’ పెట్టాడు. అదే మీటను అటూ ఇటూ ఆడించి, తల ఒక పక్కకు వాల్చి, సన్నని ధ్వనులు పలికే ట్వీటరు వైపు చెవి పెట్టి విన్నాడు. “గొంతూ గిటార్లూ ఒకే కాడ కొట్టుకుంతన్నాయి. పైన సన్నంగా ఒకటి ఇనబడతంది సూడు, దాన్ని మాత్రం తెలిసినోడే పెట్టినాడు” అన్నాడు. ఆపైన ఆ పెన్‌డ్రైవ్ తీసేసి భక్తిగీతాలు పెట్టుకున్నాడు.

మా బావ చెప్పింది అక్షరాలా నిజం. డిస్టార్షన్ పెట్టిన గిటారు, గ్రౌల్ చేసే గొంతు రెండూ దాదాపు ఒకే మధ్య పరిధిలో ఉండే ధ్వనులు. ధ్వనుల పాళ్ళు కుదిర్చే మిక్సింగ్ ఎంత బాగా చేసినా అవి ఒకదాన్నొకటి కమ్మేస్తూ ఉంటాయి. ‘ద గ్యాలరీ’లో రాగం ఆ రద్దీలోనే నడవాలి కనుక వినేవాడు వెతుక్కోవాలి. ఆ వెతుకులాటలో ఒక సుఖం ఉందని నేనూ ఒప్పుకుంటాను. బ్రెండ్‌స్ట్రోమ్ చేసినదల్లా ఆ రద్దీకి పైన, ఖాళీగా ఉన్న చోట రాగాన్ని ఉంచడం. దానివల్ల కింద గిటార్లకు, డ్రమ్స్‌కు ఎంత బరువైనా మోపే స్వేచ్ఛ దొరికింది. మెత్తబడ్డారని ఎవరు ఎన్ని చెప్పినా, రిఫ్‌ల బరువు విషయంలో ‘డ్యామేజ్ డన్’ ముందు ‘ద గ్యాలరీ’ తేలికే.

2005 నాటి ‘క్యారెక్టర్’లో ఇదే అమరికకు యీవార్ప్ డ్రమ్స్ వేగం తోడైంది. ‘ద న్యూ బిల్డ్’తో మొదలయ్యే ఆ ఉరవడి మధ్యలో ఎక్కడా ఊపిరి తీసుకోనివ్వదు; అది దాని బలం, కొంతసేపటి తరవాత అలసట కూడా. 2007లో వచ్చిన ‘ఫిక్షన్’ను డెన్మార్క్‌లో టూ మాడ్సన్ మిక్స్ చేశాడు. ఇందులో స్టానె మామూలు గొంతు ‘మిజరీస్ క్రౌన్’తో తిరిగి వచ్చింది, చివరి పాట ‘ద మండేన్ అండ్ ద మ్యాజిక్’లో థియేటర్ ఆఫ్ ట్రాజెడీ గాయని నెల్ సిగ్లాండ్ అతనితో గొంతు కలిపింది. ‘ప్రొజెక్టర్’లో కనిపించిన అతుకులు ఇక్కడ లేవు. గొంతు పాడేటప్పుడు కీబోర్డు తగ్గుతుంది, గొంతు గర్జించేటప్పుడు కీబోర్డు పాడుతుంది. ఎవరి వంతు ఎప్పుడో అందరికీ తెలిసిన జట్టు ఇది. వాళ్ళ ఆల్బమ్‌లలో ఒక్కటే దగ్గర ఉంచుకోమంటే నేను దీన్నే ఉంచుకుంటాను.

2010 నాటి ‘వి ఆర్ ద వాయిడ్’ మీద నాకు అంత గౌరవం లేదు. పద్ధతి చేతికి వచ్చాక పద్ధతే పాటలు కట్టడం మొదలుపెడితే ఎలా ఉంటుందో అలా ఉంది. చివరిదైన ‘ఇరిడియం’ మాత్రం నెమ్మదిగా, చీకటిగా, తరవాత రాబోయే దారిని ముందే చూపించింది. ఆ దారి 2013లో ‘కన్‌స్ట్రక్ట్’ అయింది. బేస్ వాయించే డానియెల్ ఆంటన్సన్ బయటికి వెళ్ళడంతో హెన్రిక్సన్ తన పాత వాద్యాన్ని మళ్ళీ పట్టుకుని రికార్డు చేశాడు. మిక్సింగ్ యెన్స్ బోగ్రెన్ చేశాడు. వేగం బాగా తగ్గింది, మీటుకూ మీటుకూ మధ్య చోటు పెరిగింది. ‘యూనిఫార్మిటీ’ వినండి, గిటార్లు పాటను నడపడం మానేసి వాతావరణాన్ని కట్టే పనిలో పడ్డాయి. విడుదలైనప్పుడు దీన్ని నిస్సారమన్నారు. నాకు వర్షాకాలపు రాత్రుల్లో విశాఖ ప్యాసింజర్‌లో ఇంటికి వచ్చేటప్పుడు దీనికి మించిన తోడు దొరకలేదు; అయితే అది నా ఇష్టం మాత్రమే, వాదనగా నిలవదు.

2016లో ‘అటోమా’ రావడానికి ముందే హెన్రిక్సన్ బృందాన్ని వదిలేశాడు. బేస్ వాయించడానికి ఆండర్స్ ఈవర్స్ వచ్చాడు. 2020 మార్చిలో సుండిన్ కూడా తప్పుకున్నాడు. ‘ద గ్యాలరీ’లోని అల్లికను అల్లిన వేళ్ళలో ఇక ఒక్క వేలూ మిగలలేదు. సుండిన్ ఒట్టి గిటారిస్టు కాదు. బృందం ఆల్బమ్‌లకు బొమ్మలు వేసినవాడు, ఇన్ ఫ్లేమ్స్ పాత ఆల్బమ్‌లకు ఫ్రీడెన్ రాసిన మాటలను ఇంగ్లిషులోకి మలిచినవాడు. అటువంటి మనిషి వెళ్ళిపోయాక ఆ పేరు మీద మరో ఆల్బమ్ రావడం ఉచితమేనా అని మా వాదనల్లో గట్టిగానే అడిగారు.

ఆ ఏడాది నవంబరులో వచ్చిన ‘మొమెంట్’ ఆ ప్రశ్నకు జవాబు. బొమ్మ సుండినే వేశాడు, గిటార్లు మాత్రం క్రిస్టఫర్ అమాట్, యొహాన్ రైన్‌హోల్డ్జ్ అనే కొత్తవాళ్ళవి. ఇద్దరూ సోలోలలో చేయి తిరిగినవాళ్ళు. ‘ఫాంటమ్ డేస్’ వంటి పాటల్లో గిటారు సోలో ఎంతో కాలానికి తల ఎత్తింది. అయినా మొదటి నిమిషంలోనే ఇది డార్క్ ట్రాంక్విలిటీ అని ఎవరైనా గుర్తుపడతారు. ఎందుకు గుర్తుపడతారు? గిటార్లు మారినా బ్రెండ్‌స్ట్రోమ్ వరసలు, స్టానె రెండు గొంతులు అక్కడే ఉన్నాయి కనుక. రాగం 1995లో లాగా పూర్తిగా గిటార్లలోనే ఉండిపోయి ఉంటే, ఆ గిటార్లు వాయించినవాళ్ళు వెళ్ళిన రోజునే ఈ బృందం ముగిసిపోయేది. ‘ప్రొజెక్టర్’లో గొంతుకు, ‘డ్యామేజ్ డన్’లో కీబోర్డుకు రాగాన్ని అప్పగించడం అప్పట్లో కొందరికి ద్రోహంగా కనిపించింది, ఇరవై ఏళ్ళ తరవాత బృందాన్ని నిలబెట్టింది అదే. చివరి పాట ‘ఇన్ ట్రూత్ డివైడెడ్’లో స్టానె మామూలు గొంతుతో ఎంత నింపాదిగా పాడతాడంటే, ఇరవై ఒక్క ఏళ్ళ క్రితం ‘ఆక్షన్డ్’లో ఉన్న బెరుకు ఏ మూలా వినిపించదు.

2021లో యీవార్ప్, ఈవర్స్ కూడా వెళ్ళారు. యీవార్ప్ వెళ్ళడం చిన్న విషయం కాదు; డ్రమ్స్‌తో పాటు బాణీలు కట్టడంలోనూ అతనికి పెద్ద చేయి ఉండేది. తొలినాటివాళ్ళలో స్టానె ఒక్కడే మిగిలాడు, అతని తరవాత అందరికంటే పాతవాడు బ్రెండ్‌స్ట్రోమ్. 2022లో స్టానె, ఇన్ ఫ్లేమ్స్ మాజీ సభ్యులతో కలిసి ద హేలో ఎఫెక్ట్ అనే బృందంలో ‘డేస్ ఆఫ్ ద లాస్ట్’ కూడా రికార్డు చేశాడు. తొంభైల నాటి గిటారు వరసలు కావాలనేవాళ్ళకు అది చక్కగా సరిపోతుంది. వింతేమిటంటే, అందులో గిటార్లు రాగాన్ని ఎంత బాగా మోసినా, డార్క్ ట్రాంక్విలిటీ అనిపించే ఘడియలు మాత్రం స్టానె మామూలు గొంతు ఎత్తినప్పుడే వస్తాయి.

2024 ఆగస్టులో వచ్చిన ‘ఎండ్‌టైమ్ సిగ్నల్స్’లో డ్రమ్స్ యొవాకిమ్ స్ట్రాండ్‌బర్గ్ నిల్సన్‌వి, బేస్ క్రిస్టియాన్ యాన్సన్‌ది, గిటారు రైన్‌హోల్డ్జ్‌ది. ‘అన్‌ఫర్గివబుల్’ పాత రోజుల ఉరవడిని గుర్తు చేసేంత వేగంగా ఉంటుంది. ‘వేవర్డ్ ఐస్’ వంటివి ‘కన్‌స్ట్రక్ట్’ చీకటి వైపు మొగ్గుతాయి. ఆల్బమ్ మధ్యలో ‘వన్ ఆఫ్ అజ్ ఈజ్ గాన్’ అనే పాట ఉంది. 2022లో క్యాన్సర్‌తో చనిపోయిన ఫ్రెడ్రిక్ యొహాన్సన్ స్మృతికి ఆ పాటను అంకితం చేశారు. ‘ద గ్యాలరీ’లో సగం అల్లిక అతనిది. అతని కోసం కట్టిన పాటలో గిటార్ల పోటీ పెట్టలేదు, వేగం చూపించలేదు. నెమ్మదైన నడక మీద స్టానె మంద్రస్థాయి గొంతును ముందుంచారు. అది సరైన నిర్ణయమే అని నాకు అనిపించింది, ఎందుకంటే యొహాన్సన్ పద్ధతిని ఇంకొకరి వేళ్ళతో అనుకరించి ఉంటే అది నివాళి అయ్యేది కాదు.

కొత్తగా వినాలనుకునేవారు ‘ఫిక్షన్’తో మొదలుపెట్టి, ‘డ్యామేజ్ డన్’ మీదుగా ‘ప్రొజెక్టర్’ వరకు వెనక్కి వెళ్ళి, ఆపైన ‘మొమెంట్’కు రావడం మంచిదని నా సలహా. ‘హేవెన్’ను, ‘వి ఆర్ ద వాయిడ్’ను తీరిక ఉన్నప్పుడు చూసుకోవచ్చు. ‘ద గ్యాలరీ’ని మాత్రం ఫోను స్పీకరులో వినకండి, రెండు చెవులకూ వేర్వేరుగా శబ్దం అందే హెడ్‌ఫోన్లు దొరికినప్పుడు, ముందు ‘లీథి’ పెట్టండి.